మబ్బు పట్టిన శనివారం: పొద్దున భువనగిరి గుట్ట, మధ్యాహ్నం ఇంటి పనులు. ఎలా సర్దుకోవాలి?

రింగురోడ్డు వాసి (ప్రశ్న)

నమస్తే అందరికీ. వచ్చే శనివారం భువనగిరి కోట గుట్ట ఎక్కుదామనుకుంటున్నాం. నేను, మా తమ్ముడు, పదకొండేళ్ల మా బాబు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇల్లు. ఆ రోజు కుండపోత కాదు గానీ పొద్దంతా మబ్బు, మధ్యమధ్య జల్లు ఉంటుందని చెబుతున్నారు. ఎండ లేకపోతే ఎక్కడం సులువంటాడు తమ్ముడు. తడి బండ మీదికి పిల్లాడితో ఎందుకంటారు మా అత్తయ్య.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక చేయాల్సిన పనులు ఇవి. గోధుమలు 5 కిలోలు, జొన్నలు 2 కిలోలు పిండి పట్టించాలి. సరూర్‌నగర్ రైతు బజార్‌లో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవాలి. అత్తయ్యకు ఇన్సులిన్ కొనాలి. బ్యాంకులో ఒక చెక్కు వేయాలి. తమ్ముడి బూటు సోలు ముందు వైపు నోరు తెరిచింది, ఎలాగూ గుట్ట మీద బురదవుతుంది కాబట్టి వచ్చాకే కుట్టిద్దామని ఆగాం. ఆదివారం పొద్దున ఇడ్లీకి పిండి కూడా రుబ్బాలి.

బస్సులో వెళ్లాలా, రెండు బళ్ల మీద వెళ్లాలా? గొడుగు చాలా, రెయిన్‌కోటు కావాలా? ఎన్ని గంటలకు దిగడం మొదలుపెడితే ఈ పనులన్నీ చీకటి పడకముందు అవుతాయి? ముఖ్యంగా, పైదాకా వెళ్లాలా వద్దా అన్నది అక్కడికి వెళ్లాక దేన్ని చూసి తేల్చుకోవాలి?

గుట్టబాట

ముందు ఆ బూటు సంగతి. గుట్ట నుంచి వచ్చాక కాదండి, వెళ్లే ముందే కుట్టించండి. నోరు తెరిచిన సోలు మెట్టు అంచుకు తగిలిందంటే మడత పడి లోపలికి పోతుంది, దిగేటప్పుడైతే మనిషి ముందుకు తూలి పడతాడు. ఇంకో కారణం కూడా ఉంది. తడి బూటుకు సొల్యూషన్ పట్టదు. శనివారం సాయంత్రం తడిసిన బూటు పట్టుకెళితే పైపైన అంటించి ఇస్తారు, వారంలో మళ్లీ ఊడుతుంది. బుధవారం లోపల ఇచ్చేయండి. అంటించి ఊరుకోకుండా చుట్టూ దారంతో కుట్టమని చెప్పండి. కుట్టాక ఒక పూట ఇంట్లో తొడుక్కుని తిరిగితే దారం ముడి లోపల వేలికి గుచ్చుకుంటోందా లేదా తెలిసిపోతుంది.

ఇక గుట్ట. భువనగిరిది ఒకే రాయి. చుట్టూ మైదానం, మధ్యలో 500 అడుగులకు పైగా లేచిన గ్రానైటు బండ. పశ్చిమ చాళుక్యుల రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు (1076–1126) కట్టించిన కోట ఇది, త్రిభువనగిరే భువనగిరి అయింది. ఎక్కే బాటను రెండు భాగాలుగా చూడాలి. కింది భాగంలో మెట్లు, కోట ద్వారాలు, గోడలు ఉంటాయి. వానలో కూడా నెమ్మదిగా పోవచ్చు. పై భాగమే వేరు. అక్కడ మెట్టంటూ పెద్దగా ఉండదు, వాలుగా ఉన్న నున్నటి బండ, పక్కన ఇనుప కడ్డీలు.

పొడి గ్రానైటు కాలిని బాగా పట్టుకుంటుంది. ఉప్పు రాళ్లలా గరుకుగా ఉండే పలుకులు రబ్బరులోకి దిగుతాయి కాబట్టి. తడిసినా శుభ్రమైన బండ మరీ మోసం చేయదు. జారేది నల్ల చారలున్న చోట. వాన నీళ్లు ఏళ్ల తరబడి ఒకే దారిన కారి అక్కడ సన్నటి నాచు పట్టి ఉంటుంది. ఎండాకాలంలో అది పొడి మరకలా కనిపిస్తుంది, పది నిమిషాల జల్లు పడితే సబ్బు పూసినట్టవుతుంది. బాబుకు కింద ఉండగానే చూపించండి: తెల్లగా, గులాబీ రంగులో గరుకుగా ఉన్న చోటే అడుగు, నల్ల చార అడ్డొస్తే దాటి అవతల అడుగు.

దిగేటప్పుడు చాలామంది భయంతో వెనక్కి వాలతారు. వెనక్కి వాలితే బరువు మడమ మీదికి పోతుంది, పాదం ముందుకు జారుతుంది, నడుం మీద పడతారు. మోకాళ్లు కొంచెం వంచి, బరువు సరిగ్గా పాదాల మీద ఉంచి, చిన్న చిన్న అడుగులు వేయాలి. వాలు మరీ ఎక్కువైన చోట పక్కకు తిరిగి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని దిగాలి. పిల్లాడికి పై వైపు ఒకరు, కింది వైపు ఒకరు ఉండండి. కింద ఉన్నవాళ్లు రెండు అడుగుల దూరంలోనే ఉండాలి. ఎక్కువ దూరంలో ఉంటే, జారిన పిల్లాడు వేగం అందుకున్నాక ఆపలేరు.

గొడుగు వద్దు. ఒక చేయి దానికే పోతుంది, పైన గాలికి అది మనిషిని లాగుతుంది. తల మీది నుంచి తొడుక్కునే పొడుగాటి వాన ముసుగు (పోంచో) కూడా వద్దు, కింద పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. నడుం దాకా ఉండే రెయిన్ జాకెట్టు చాలు. జీన్స్ తడిస్తే బరువెక్కి మోకాలు వంగనివ్వదు, త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు వేసుకోండి. కర్ర తీసుకెళితే మొనకు రబ్బరు తొడుగు ఉండాలి, ఒట్టి ఇనుప మొన బండ మీద జారుతుంది.

మబ్బు రోజున దాహం తెలియదు గానీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. మనిషికి లీటరు తక్కువ కాకుండా పట్టుకెళ్లండి. అందులో ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇవి టీ చెంచాలు. ఉప్పు ఎక్కువ పడితే పిల్లలకు మంచిది కాదు, రుచి చూసి కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

మీ చివరి ప్రశ్నకు నా జవాబు: మెట్లు అయిపోయి నున్నటి బండ మొదలయ్యే చోట ఆగండి. చేత్తో బండను తడిమి చూడండి. నీటి పొర అరచేతికి అంటితే, అందులోనూ జల్లు ఇంకా పడుతుంటే, పిల్లాడితో పైకి పోవద్దు. అక్కడి నుంచి కూడా ఊరు, చెరువులు, పొలాలు అన్నీ కనిపిస్తాయి.

భువనగిరి పోరడు

అక్కా, మాది భువనగిరే. గుట్ట ఊరి నడిమిట్లనే ఉంటది. బస్టాండుల దిగి ఎవల్నడిగినా చెప్తరు, నడుసుకుంటనే పోవచ్చు.

ముగ్గురున్నరు కాబట్టి బస్సుకే రాండ్రి. ఉప్పల్‌ల యాదగిరిగుట్ట బస్సులు మస్తుగ దొరుకుతయి. ఎక్కేముందుగాల కండక్టర్‌ను ఒక్క మాట అడుగుండ్రి: ఊర్లకు పోతదా, బైపాస్ మీదికెళ్లి పోతదా అని. హన్మకొండ దిక్కు పోయే బస్సులు కొన్ని ఊర్లకు రావు. బైపాస్ మీద దింపితే వానల ఆటో కోసం నిలవడాలె. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు ఫ్రీ, నీకు మహాలక్ష్మి స్కీం కింద జీరో టికెట్ ఇస్తరు, ఆధార్ కార్డు అసలుది పట్టుకో. బాబుకు అర టికెట్, తమ్మునికి ఫుల్ టికెట్. సికింద్రాబాద్ కాజీపేట లైనుల మాకు రైల్వే టేషన్ గూడ ఉన్నది. కని రైలు టైముకు మీ గుట్ట టైము కలువకపోతే వాపసు వచ్చేటప్పుడు ఇబ్బంది, బస్సైతే ఆ ఫికర్ లేదు.

కోటకు గేటు కాడ టికెట్ ఉంటది. గేటు ఎన్నింటికి తీస్తరో ముందురోజే అడిగి పెట్టుకోండ్రి, చీకట్ల లేసి వచ్చి బయట నిలవడుడు ఎందుకు. పొద్దుగాల ఇంట్ల తిని రాండ్రి. గుట్ట మీద కొనుక్కుందమంటే ఏం దొరకదు. కోతులుంటయి, వాటికి కవరు సప్పుడైతే చాలు. తినేది ఏదున్నా బ్యాగు లోపట డబ్బల పెట్టి జిప్పు ఎయ్యండ్రి, చేతిల కవరు పట్టుకోవద్దు. పిల్లగాని చేతిల బిస్కెట్ పుడ అసలే వద్దు.

పైనున్న అన్న చెప్పిన దాంట్ల ఒక్క దగ్గర నాది వేరే మాట. కొంచెం తడిగున్నంత మాత్రాన వాపసు తిరగాల్సిన పని లేదు. జల్లు ఆగి గాలి కొడ్తే బండ అర్ధగంటల ఆరుతది, గుట్ట మీద గాలికి కొదువ లేదు. మెట్ల కాడ నీడకు కూసోని, నీళ్లు తాగి, ఆరినంక కడ్డీ పట్టుకోని పోండ్రి. ఈ బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పుతరు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ మొదలు నేర్సుకున్నది ఈడనే. కని వాళ్లు తాడు కట్టుకోని, నేర్పేటోళ్లు పక్కకుండంగ ఎక్కిన్రు. కడ్డీ ఇవుతల ఉన్న బండ మనది, అవుతల ఉన్నది వాళ్లది. ఫోటో కోసమని కడ్డీ దాటుడు మాత్రం ఎన్నడు చెయ్యొద్దు.

పైన రాతి గుంటలల్ల నీళ్లు నిండి ఉంటయి. సూడనీకె మంచిగుంటయి, లోతు తెల్వది, అంచుల పొంటి పాకురు ఉంటది. పిల్లగాన్ని దగ్గరికి పోనియ్యకు.

మబ్బు లెక్క

జారుడు గురించి ఇద్దరూ బాగా చెప్పారు. మైదానం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ గుట్ట కాబట్టి నేను ఎక్కువ భయపడేది పిడుగుకు. మబ్బు పట్టిందని మాత్రమే అంటే సరిపోదు, అది ఏ మబ్బో చూడాలి.

ఆకాశమంతా బూడిద రంగు దుప్పటి కప్పినట్టు అంచుల్లేకుండా ఉండి, గాలి ఒకే తీరుగా వీస్తూ, సన్నగా తుంపర పడుతుంటే అది ముసురు. తడుస్తారు తప్ప ఉరుము భయం తక్కువ. ఆషాఢ, శ్రావణాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది కారుమబ్బు. కొండలా పైకి లేచి ఉంటుంది, పైన కాలీఫ్లవర్ పువ్వులా గుబురుగా తెల్లగా, అడుగున చదునుగా నల్లగా. అప్పటిదాకా ఉక్కపోసి, ఉన్నట్టుండి చల్లగాలి దిశ మార్చి ఈడ్చి కొట్టిందంటే అది దగ్గరికొచ్చిందనే. తొలకరి రోజుల్లో, మళ్లీ వానాకాలం వెళ్లిపోయే రోజుల్లో ఇది మధ్యాహ్నం దాటాక లేస్తుంది. పొద్దున ఎక్కి పన్నెండులోపు కింద ఉండమనేది అందుకే.

పైన ఉండగా మెరుపు కనబడితే సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో పడింది. అంతకు తక్కువ ఉంటే ఇంకో ఫోటో కోసం ఆగకుండా దిగడం మొదలుపెట్టాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల దాకా మళ్లీ పైకి పోకూడదు.

ఇక్కడొక చిక్కుంది. వానలో మిమ్మల్ని కాపాడే ఆ ఇనుప కడ్డీయే ఉరుముల్లో పట్టుకోకూడని వస్తువు. గుట్ట మీద ఒక చోట పిడుగు పడితే కరెంటు కడ్డీ పొడవునా పాకుతుంది. అంటే తడి బండ, ఉరుము రెండూ కలిసిన రోజున సురక్షితంగా దిగే దారే లేదు. ముసురైతే నెమ్మదిగా వెళ్లి రండి. ఉరుములతో కూడిన వాన అని హెచ్చరిక ఉంటే మాత్రం ఆ రోజుకు గుట్ట మానేసి ఇంటి పనులు పెట్టుకోండి. కోట గుమ్మాల కింద, ఒంటరి చెట్టు కింద నిలబడితే వాన తగలదు గానీ పిడుగు నుంచి రక్షణ ఉండదు. మెట్ల భాగం దాటి కింద పక్కా భవనంలోకి రావాలి.

బయలుదేరే ముందు వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే మూడు గంటల ముందు హెచ్చరిక చూడండి. మీకు కావాల్సింది యాదాద్రి భువనగిరి జిల్లా, హైదరాబాద్ కాదు. ఫోనులో ‘దామిని’ యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. పైకెక్కాక మీ కళ్లే మంచి రాడార్. నైరుతి, పడమర దిక్కులు చూస్తుండండి, వానాకాలంలో ఎక్కువసార్లు వాన అటునుంచే వస్తుంది. దూరంలో మబ్బుకూ నేలకూ మధ్య బూడిద రంగు తెర వేలాడుతూ అవతలి ఊళ్లు కనబడకుండా పోతే అక్కడ వాన పడుతున్నట్టే. ఆ తెర మీ వైపు కదులుతోందా, పక్కకు పోతోందా అన్నది అయిదు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

పిండిమర వీధి

గుట్ట సంగతి వాళ్లు చెప్పారు, నేను మధ్యాహ్నం పనుల గురించి చెప్తానమ్మా. మీరు అన్నీ వచ్చాకే అని పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడే. సగం పనులు వెళ్లేముందే మొదలైపోవాలి.

మినపగుళ్లు పొద్దున ఇంటి నుంచి కదిలే ముందు నానబెట్టండి. ఇడ్లీకి గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లకు నాలుగైదు గంటలు చాలు, మీరు వచ్చేసరికి ఆరేడు గంటలవుతుంది. అందుకని చల్లటి నీళ్లు పోసి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. బయట వదిలేస్తే ఎక్కువ నాని వాసన పడుతుంది, రుబ్బితే పిండి పొంగకుండా జిగురుగా సాగుతుంది. రవ్వ మాత్రం వచ్చాకే నానబెట్టండి, గంట చాలు. రెండు మూడు నీళ్లు మార్చి, గట్టిగా పిండి, రుబ్బిన పిండిలో కలపండి. మబ్బు రోజున పిండి పులవడానికి 10–12 గంటలు పట్టొచ్చు. రాత్రి తొమ్మిదింటికి రుబ్బితే పొద్దున ఏడింటికి ఇడ్లీ రాళ్లలా వస్తుంది. సాయంత్రం అయిదు లోపల రుబ్బి, ఉప్పు కలిపి, గిన్నె మీద మందపాటి తువ్వాలు చుట్టి మూసిన అల్మరాలో పెట్టండి.

పిండిమర. గోధుమలు, జొన్నలు తేమగా ఉంటే మరలో రాళ్ల మధ్య అతుక్కుంటాయి, పిండి వేడెక్కి మాడు వాసన వస్తుంది, త్వరగా పురుగు పడుతుంది. ముసురు రోజుల్లో డబ్బాలో ఉన్న గింజ కూడా తేమ పీలుస్తుంది. గురువారమో శుక్రవారమో కాస్త ఎండ కాస్తే మేడ మీద పరవండి. ఎండే రాకపోతే బాణలిలో కిలో చొప్పున సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు, చేతికి వెచ్చగా తగిలే దాకా కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయండి. రంగు మారితే ఎక్కువైనట్టు, రొట్టె విరుగుతుంది. సరిచూసుకోవడానికి గింజను పంటి కింద పెట్టి కొరకండి. కటుక్కున విరిగితే మరకు సిద్ధం. పన్ను దిగబడి నొక్కుకుపోతే ఇంకా తేమ ఉంది.

మర దగ్గర ముందు జొన్నలు పోయించాలా, గోధుమలా అంటే గోధుమలే. మీ ముందు ఎవరు ఏం పట్టించారో అడగండి, వాళ్ల పిండి కొంత మీ మొదటి గుప్పిళ్లలో కలుస్తుంది. బియ్యప్పిండో, శనగపిండో అయితే మీ గోధుమలు ఒక గుప్పెడు పోయించి ఆ పిండి వేరుగా తీసుకోండి. పట్టించిన పిండి చేయి కాలేంత వేడిగా ఉంటుంది. ప్లాస్టిక్ కవరులో పోసి మూతి కడితే లోపల చెమట పట్టి ఉండలు కడుతుంది, తర్వాత బూజు. గుడ్డ సంచిలో తెచ్చి, ఇంట్లో శుభ్రమైన బట్ట మీద పలుచగా పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాకు ఎత్తండి. ఫ్యాను కింద పెట్టొద్దు, పిండి ఇల్లంతా ఎగురుతుంది. పిండిని చిరుజల్లులో బండి మీద తెచ్చేటప్పుడు గుడ్డ సంచిని స్టీలు డబ్బాలో దించి మూత పైపైన పెట్టండి.

రైతు బజార్‌లో ముందు ధరల బోర్డు చూడండి. వానాకాలంలో ఆకుకూర కట్ట బరువుగా ఉందని మురిసిపోవద్దు, సగం నీళ్లే. కట్ట విడదీసి లోపలి కాడలు చూడండి, నల్లబడి జారుడుగా ఉంటే ఇంటికొచ్చేసరికి కుళ్లుతుంది. పుంటికూర, పాలకూర తెచ్చాక కట్ట విప్పి, కడగకుండా, పాత గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టి పేపరులో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కడిగేది వండే ముందే. ఉల్లిగడ్డ మెడ దగ్గర నొక్కి చూడండి, మెత్తగా ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టు. ముసురు నెలల్లో ఒకేసారి అయిదు కిలోలు కొనడం కంటే రెండు కిలోలు మేలు. ఈ కాలానికి బోడకాకరకాయలు వస్తాయి, ఖరీదెక్కువైనా పావుకిలో తీసుకోండి. పచ్చగా, గట్టిగా, ముళ్లు నిలబడి ఉన్నవే ఏరండి. పసుపు తిరిగితే లోపల గింజ ముదిరి వేపుడులో పళ్లకు తగులుతుంది. సంచి సర్దేటప్పుడు అడుగున దుంపలు, సొరకాయ, ఆపైన వంకాయ, టమాటా, అన్నిటికన్నా పైన ఆకుకూర.

వరస ఇలా పెట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం, భోజనం, అరగంట నడుం వాల్చడం. గుట్ట దిగిన కాళ్లతో వెంటనే బండి నడిపితే బ్రేకు మీద కాలు బరువుగా పడుతుంది, పైగా తిన్నాక నిద్ర వస్తుంది. తర్వాత పిండిమర, పిండి ఇంట్లో దించి, రవ్వ నానబెట్టి, రైతు బజార్. వచ్చాక రుబ్బడం. బ్యాంకు పని మాత్రం ఈ లెక్కలో పట్టదు, శనివారం మధ్యాహ్నానికి వదలొద్దు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. శుక్రవారమే వేసేయండి.

రింగురోడ్డు వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. బూటు ఈరోజే ఇచ్చేశాం, చెక్కు శుక్రవారం వేస్తాను. క్యాలెండర్ చూస్తే అది నిజంగానే రెండో శనివారం. బస్సుకే వెళ్తాం. పొద్దున ఏడున్నరకు ఇంటి నుంచి కదిలి, ఎక్కడ ఉన్నా పదకొండింటికి వెనక్కి తిరిగితే ఒంటి గంటకు ఇల్లు చేరతామని లెక్క వేశాను. సరిపోతుందా?

ఇన్సులిన్ గురించి ఎవరూ చెప్పలేదు. రైతు బజార్‌కు పోయే దారిలో మందుల షాపు ఉంది. ముందు అది కొని బండి సీటు కింద పెట్టుకుని కూరగాయలకు పోవచ్చా? ఐస్ ముక్కలు వేసి పెడితే సరిపోతుందా?

గుట్టబాట

పదకొండు సరిపోతుంది. మధ్యమధ్య ఆగుతూ ఎక్కినా ముప్పావు గంట, గంటలో పైన ఉంటారు. దిగడానికి కూడా అంతే సమయం ఉంచుకోండి, తడి బండ మీద దిగడం ఎక్కడం కంటే నెమ్మది. పదకొండు అన్నది ముగ్గురికీ ముందే చెప్పండి. పైన పది నిమిషాల్లో శిఖరం అందుతుందనిపించినప్పుడు గడియారం చూసి తిరగడం కష్టం, అందుకే ఆ మాట కిందనే అనుకోవాలి.

తడిసిన బూట్లు ఇంటికి రాగానే ఇన్నర్ సోలు బయటికి తీసి, లోపల పాత పేపరు కుక్కండి. రెండు గంటలకోసారి పేపరు మార్చండి. పొయ్యి పక్కన పెట్టొద్దు, కొత్తగా అంటించిన సోలు వేడికి వదులుతుంది.

మందుల కొట్టు

బండి సీటు కింద ఇన్సులిన్ పెట్టొద్దమ్మా. స్కూటీలో ఆ డిక్కీ కింద ఇంజను వేడి ఉంటుంది, మబ్బు రోజున కూడా లోపల వెచ్చబడుతుంది. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ ముక్కలు నేరుగా తగిలేలా పెట్టడం ఇంకా ప్రమాదం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, కానీ పనిచేయదు, పారేయాల్సిందే. ఇంట్లో కూడా ఫ్రీజరు కిందనో, ఫ్రిజ్ వెనక గోడకు ఆనించో పెట్టకండి. తలుపు పక్క అరలోనో, మధ్య అరలో ముందు వైపో పెట్టండి.

అందుకని అది చివరి పని. కూరగాయలు కొని, తిరిగి వచ్చేటప్పుడు షాపు దగ్గర ఆగండి. మందుల షాపులో ఫ్రిజ్ నుంచి మీ కళ్ల ముందు తీసి ఇచ్చిందే తీసుకోండి. చల్లని జెల్ ప్యాకుతో చిన్న సంచి ఇస్తే, ప్యాకుకూ మందుకూ మధ్య పలుచటి గుడ్డ మడత పెట్టి, భుజానికి తగిలించుకుని నేరుగా ఇంటికి రండి.

ఇంకొకటి, చీటీతో పాటు అయిపోయిన పాత పెట్టె కూడా పట్టుకెళ్లండి. మన దగ్గర సీసాల్లో మి.లీ.కు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. పేరు ఒకటే అయినా బలం వేరు. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. ఒకదాని మందు ఇంకోదాని సిరంజితో ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లు ఎక్కువో తక్కువో అయిపోతుంది. కొట్టు దగ్గర నిలబడే పెట్టె మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి. గడువు తేదీ చూడండి. జల్లు పడుతుంటే చీటీని జిప్పు కవరులో పెట్టుకోండి, తడిసి సిరా చెదిరితే అంకె 4 ఏదో 9 ఏదో తెలియదు.